ఫ్రాంక్లిను మహాశయుని పదసంపాదన

ఇంగ్లీషు భాషలో ప్రావీణ్యము గడింపగోరు యువకులకు మన తెలుగుదేశమున ఏ కాలమునందును కొదువ లేదు. కఠినపదములను పట్టికలుగా వ్రాసికొని, వాని యర్థములను ఎదుట నిలిపి, ప్రాతఃకాలమున వల్లెవేసిన తరములు ఎన్నియో గడచినవి. దొరతనము మారినను అలవాటు మారలేదు. విదేశవిద్యాలయములకు బోవ నుత్సహించు విద్యార్థులు నేటికిని అట్టి పట్టికలనే కంఠస్థము చేయుచున్నారు. పరీక్ష ముగిసినంతనే ఆ మాటలలో పెక్కులు ఎండవేళ మంచువలె మాయమగుచున్నవి. దీనికి విద్యార్థుల బుద్ధిమాంద్యము కారణము కాదు. మాటను పనిలో పెట్టనివానికి మాట వశము కాదు. ఈ సత్యమును పండ్రెండేండ్ల ప్రాయమున అచ్చుకూటములో చేరిన యొక బాలుడు, గురువు లేకయే, తనంతట తాను కనుగొనెను. ఆ బాలుడు పెరిగి అమెరికా స్వాతంత్ర్యమునకు మూలస్తంభములలో నొకడైన బెంజమిను ఫ్రాంక్లిను.

ఫ్రాంక్లిను 1706 వ సంవత్సరము జనవరి 17 వ తేదీన బోస్టను నగరమున జన్మించెను. తండ్రి జోసయా ఫ్రాంక్లిను 1683 లో ఇంగ్లండునుండి సముద్రము దాటి వచ్చి, జంతువుల క్రొవ్వుతో వత్తులును సబ్బును చేసి అమ్ముకొని జీవించుచుండెను. ఆ గృహస్థునకు ఇద్దరు భార్యలయందు పదునేడుగురు బిడ్డలు కలిగిరి. వారిలో బెంజమిను పదునైదవవాడు, మగబిడ్డలలో కడగొట్టువాడు. తన కుమారులలో నొకనిని దైవసేవకు అర్పింపవలెనని తండ్రి తలంచి, ఎనిమిదవయేట వానిని లాటిను నేర్పు పాఠశాలకు పంపెను. కాని పెద్ద సంసారము, చిన్న రాబడి. ఏడాదియైన నిండకముందే ఆ చదువు మానిపించి, వ్రాతయు లెక్కలును నేర్పు వేరొక బడిలో చేర్చెను. అచ్చట బాలునకు వ్రాత వచ్చెను గాని లెక్కలు రాలేదు. పదవయేట బడియే ముగిసెను. వత్తులు కత్తిరించుట, అచ్చులలో క్రొవ్వు పోయుట, అంగడి కనిపెట్టుట వానికి నిత్యకృత్యములయ్యెను. పాఠశాలలో ఆతడు గడపిన కాలమంతయు రెండేండ్లకు మించలేదు.

వత్తుల పనియందు బాలునకు రోత పుట్టెను. సముద్రయానమునకు బారిపోవునేమో యని తండ్రి భయపడి, పుస్తకములయందు వానికిగల ప్రీతిని గమనించి, 1718 లో మరియొక కుమారుడైన జేమ్సు నడపు అచ్చుకూటములో పనివానిగా చేర్చెను. ఇరువదియొకటవయేడు వచ్చునంతవరకు అన్నకు ఊడిగము చేయునట్లును, కడపటి సంవత్సరమున మాత్రమే కూలి పొందునట్లును ఒడంబడిక వ్రాసిరి. ఈ కట్టుబాటు బాలునకు బంధనమే యైనను, దానివలన ఒక గొప్ప మేలు కలిగెను. పుస్తకవిక్రేతల యొద్దనుండు కుర్రవాండ్రతో చెలిమి కలిసెను. సాయంకాలము అరువు తెచ్చిన పుస్తకమును రాత్రియెల్ల మేల్కొని చదివి, తెల్లవారకముందే యథాస్థానమున చేర్చు అవకాశము చిక్కెను.

మొదట ఆ బాలునకు పద్యరచనయందు మోజు కలిగెను. ఓడమునుకనుగూర్చియు, సముద్రపు దొంగనుగూర్చియు పాటలు కట్టి, అచ్చొత్తి, వీధులలో అమ్మెను. ఒక పాట బాగుగ అమ్ముడుపోయెను. కాని తండ్రి వానిని పరిహసించి, కవులు సాధారణముగ బిచ్చగాండ్రే యగుదురని చెప్పి, ఆ దారి మాన్పించెను. పిమ్మట కాలిన్సు అను మిత్రునితో, స్త్రీలకు ఉన్నతవిద్య తగునా తగదా యను విషయమున వాదము పెరిగి, ఇద్దరును లేఖలు వ్రాసికొనిరి. ఆ లేఖలు తండ్రి కంటబడినవి. ఎవరి పక్షము న్యాయమని ఆతడు చెప్పలేదు. అక్షరదోషములు లేకుండుటయందును, విరామచిహ్నములయందును తన కుమారుడే మేలనియు, అది అచ్చుకూటపు చలువయనియు నొప్పుకొని, శైలియందును క్రమమునందును స్పష్టతయందును మాత్రము కాలిన్సునకు తీసికట్టని సోదాహరణముగ చూపెను. ఈ విమర్శను బాలుడు చిన్నతనముగా నెంచలేదు. తండ్రి మాటలోని సత్యమును గ్రహించి, లోపమును దిద్దుకొన నిశ్చయించెను.

ఆ సమయమున ఇంగ్లండునందు అడిసను, స్టీలు అను రచయితలు నడపిన స్పెక్టేటరు పత్రికయొక్క సంపుటములలో మూడవది యొకటి వానికి దొరకెను. దానిని కొని మరల మరల చదివెను. పిదప ఆతడు చేసిన పనియే చదువరులు జాగ్రత్తగ గమనింపదగినది. ఒక వ్యాసమును దీసికొని, అందలి ప్రతివాక్యమునందలి భావమునకు చిన్నగుర్తు మాత్రము వ్రాసికొనును. ఆ కాగితములను కొన్నిదినములు ప్రక్కన పెట్టును. మూలము మనస్సునుండి జారినపిమ్మట, పుస్తకము చూడకయే, ఆ గుర్తుల యాధారమున తనకు తోచిన మాటలతో వ్యాసమును తిరిగి వ్రాయును. పిదప మూలముతో పోల్చి, తన తప్పులను కనుగొని దిద్దుకొనును. ఇట్లు పోల్చునపుడెల్ల వాని కొక లోటు స్పష్టపడెను. భావము తన కందినను, దానిని మోయు మాట సమయమునకు చేతికి రాదయ్యెను. కొట్టులో సరకు లేని వర్తకుని వలె తానున్నట్లు గ్రహించెను.

మాటల సరకు నింపుకొనుటకు ఆతడు నిఘంటువును వల్లెవేయలేదు. తాను విడిచిపెట్టిన పద్యరచననే పనిముట్టుగా మార్చుకొనెను. గద్యమున మొదట తోచిన మాటతో పని జరిగిపోవును. పద్యమున అట్లు కాదు. పాదమునకు తగిన కొలత కావలెను; అంత్యప్రాసకు తగిన ధ్వని కావలెను. కావున ఒకే యర్థముగల మాటలను నాలుగింటిని వెదకి, వానిలో నొకటిని ఏరుకొనవలసి వచ్చును. అట్లు వెదకిన మాట మనస్సున నాటుకొనును. ఛందోనియమములకు లోబడి పర్యాయపదములకై తడవుకొన్న మన పద్యకర్తలకు ఈ రహస్యము క్రొత్తది కాదు; అమరకోశము పఠించినవాడును, అమరమును పద్యమున ప్రయోగించినవాడును సమానులు కారని మన పెద్ద లెరుగుదురు. ఫ్రాంక్లిను స్పెక్టేటరులోని కథలను పద్యములుగ మార్చి, గద్యము మరచిపోయిన కొంతకాలమునకు ఆ పద్యములను మరల గద్యముగ మార్చెను. ఒక్కొక్కసారి భావముల గుర్తులనన్నింటిని కలగాపులగము చేసి, కొన్నివారములు గడచిన తరువాత వానికి తగిన వరుస కల్పించి, వ్యాసము పూర్తి చేసెను. దీనివలన ఆలోచనలను క్రమపరచు నేర్పు అలవడెను. అప్పుడప్పుడు కొన్ని స్వల్పాంశములయందు మూలమును మించి వ్రాసితినేమో యన్న సంతోషము కలిగెననియు, దానివలన మంచి రచయిత కావచ్చునన్న ధైర్యము పుట్టెననియు ఆతడు వార్ధకమున వ్రాసిన స్వీయచరిత్రమున చెప్పుకొనెను.

ఈ సాధనకు వేళ యెక్కడిది? పగలెల్ల అచ్చుపని. రాత్రి పని ముగిసినపిమ్మట, తెల్లవారి పని మొదలుకాకముందు, ఆదివారములందు చర్చికి బోవుట తప్పించుకొన్నపుడు దొరకిన గడియలే వాని పాఠశాల. సొమ్మెక్కడిది? పదునారేండ్ల ప్రాయమున ఆతడు శాకాహారమును ప్రశంసించు నొక గ్రంథమును చదివి మాంసము మానెను. తన భోజనమునకై అన్న చెల్లించు సొమ్ములో సగము తనకిచ్చినచో తన తిండి తానే చూచుకొందునని చెప్పి యొప్పించెను. ఆ సగములోను సగము మిగిల్చి పుస్తకములు కొనెను. మిగిలినవారు భోజనమునకు బోగా, తాను రొట్టెముక్కయు, గుప్పెడు ఎండుద్రాక్షలును, నీరును పుచ్చుకొని, మిగిలిన కాలము చదువుకొనెను. బడిలో రాని లెక్కలను ఈ దినములలోనే తానుగ నేర్చుకొనెను.

మాటలను చేర్చుకొన్నట్లే కొన్ని మాటలను విసర్జించుటయు ఆతడు అభ్యసించెను. సోక్రటీసు సంవాదపద్ధతిని పుస్తకములలో చదివి, వాదమున మొండిపట్టు పట్టుట మానివేసెను. నిస్సందేహముగ, నిశ్చయముగ అను నర్థమిచ్చు మాటలను సంభాషణనుండి తొలగించి, నాకు తోచినంతవరకు, నే ననుకొన్నట్లు అను నర్థమిచ్చు మాటలను వాడుక చేసికొనెను. తరువాత ఏబదియేండ్ల ప్రజాజీవితమున తన మాట సభలలో చెల్లుటకు ఈ యలవాటే ముఖ్యకారణమని ఆతడు నమ్మెను. పెద్దమాటలు దొరకినవాడు పెద్దగొంతుకతో మాటాడుట లోకస్వభావము. ఈతడు దానికి విరుద్ధముగ నడచెను.

జేమ్సు 1721 లో న్యూఇంగ్లండు కూరంటు అను వార్తాపత్రికను స్థాపించెను. తమ్ముడు వ్రాసినదన్నచో అన్న ప్రకటింపడని యెరిగి, బెంజమిను 1722 లో సైలెన్సు డూగుడ్ అను వితంతువు పేరు పెట్టుకొని, చేవ్రాలు మార్చి, వ్యాసము వ్రాసి, రాత్రివేళ అచ్చుకూటపు తలుపుక్రింద నుంచెను. అన్నయు, ఆతని మిత్రులును దానిని చదివి మెచ్చుకొని, వ్రాసినవారు ఏ గొప్పవిద్వాంసులో యని ఊహింపసాగిరి. పదునారేండ్ల కుర్రవాడు ప్రక్కన నిలువబడి అక్షరములు కూర్చుచు ఆ మాటలు వినెను. అట్టి లేఖలు పదునాలుగు వెలువడినవి. ఆ సంవత్సరమే శాసనసభవారికి కోపము తెప్పించిన వార్త కొకదానికై జేమ్సు నెలదినములు చెరసాలలో నుండగా, పత్రికను తమ్ముడే నడపెను. పత్రికాస్వాతంత్ర్యమన నేమో ఆతడు పుస్తకములలో చదివి తెలిసికొనలేదు. అన్న చేతులకు పడిన సంకెళ్లనుండి తెలిసికొనెను. కాని ఆ యన్నయే తమ్ముని కొట్టుచుండెను. అది సహింపక, 1723 లో ఒడంబడిక త్రోసివేసి, బెంజమిను ఫిలడెల్ఫియాకు బారిపోయెను. పదునేడేండ్లవాడు, మాసిన బట్టలతో, చంకలలో రెండు రొట్టెలు పెట్టుకొని మూడవది తినుచు, ఆ పట్టణవీధులలో నడచిన దృశ్యము ఆ దేశపు పిల్లలకెల్ల పరిచితమే.

లండనులో సుమారు ఏడాదిన్నర అచ్చుపని చేసి, 1726 లో తిరిగివచ్చిన పిమ్మట, ఆతని వృద్ధి శీఘ్రముగ జరిగెను. 1727 లో పనివారును వర్తకులును చేరిన చర్చాసంఘమును స్థాపించెను. 1729 లో పెన్సిల్వేనియా గెజెటు పత్రికను చేపట్టెను. 1731 లో ఏబదిమంది చందాదారులను కూర్చి, ఒక్కొక్కనివలన మొదట నలువది షిల్లింగులును, పిదప ఏటేట పది షిల్లింగులును వసూలుచేసి, చందాలతో నడచు గ్రంథాలయమును నెలకొల్పెను. తన బాల్యమున అరువుపుస్తకములకై తాను పడిన పాట్లు ఇతరులకు తప్పవలెనన్నదే దాని యుద్దేశము. 1732 మొదలుకొని యిరువదియైదేండ్లు పూర్ రిచర్డ్ అను కల్పితనామముతో పంచాంగము ప్రకటించి, తిథులకును వాతావరణమునకును నడుమ మిగిలిన ఖాళీలలో నీతివాక్యములు నింపెను. అది ఏటికి సుమారు పదివేల ప్రతులు చెల్లెను. వేరు పుస్తకమే లేని యిండ్లలోనికి సైతము అది పోయెను. 1737 లో తన పత్రికయందు త్రాగుబోతు స్థితిని తెలుపు వాడుకమాటలను రెండువందలకు పైగా అక్షరక్రమమున కూర్చి ప్రకటించెను. మద్యశాలలలో జనులు పలుకు మాటను సైతము ఆతడు చెవియొగ్గి విని మూటకట్టుకొనెను.

1733 లో ఫ్రెంచి, ఇటాలియను, స్పానిషు భాషలు నేర్వ మొదలిడెను. ఇటాలియను నేర్చు మిత్రుడొకడు చదరంగమునకు పిలిచి కాలము వృథా చేయుచుండగా, ఆటలో గెలిచినవాడు ఓడినవానికి వ్యాకరణపాఠమో అనువాదమో విధింపవలెనని పందెము పెట్టెను. ఇద్దరును సమానులైన యాటగాండ్రగుటచే, ఒకరినొకరు ఓడించుకొనుచు ఇద్దరును భాష నేర్చిరి.

1749 లో ఆతడు ఫిలడెల్ఫియాలో విద్యాలయమును స్థాపింప ప్రణాళిక ప్రకటించెను. అందు తమ మాతృభాషయైన ఇంగ్లీషునకు ప్రథమస్థానము నీయవలెనని వాని కోరిక. కాని ధనికులైన ధర్మకర్తలు లాటినునకు మ్రొక్కిరి. ఇరువదిమంది బాలురకు పాఠము చెప్పు లాటినుపండితునకు ఏటికి 200 పౌనులును, నలువదిమందికి చెప్పు ఇంగ్లీషుపండితునకు 100 పౌనులును జీతము నిర్ణయించిరి. నలువదియేండ్ల పిమ్మట, 1789 లో, మంచమునంటి యుండియు ఫ్రాంక్లిను ఈ యన్యాయమును మరువక దీర్ఘమైన విమర్శ వ్రాసెను. పెట్టుడుజుట్టు చెదరునను భయముచే తలకు పెట్టుకొనక, అయినను మర్యాదకై చంకలో నిరికించుకొని తిరుగు టోపీతో ఆ ప్రాచీనభాషలను అందు పోల్చెను.

విద్యుచ్ఛక్తిని పరిశోధించునపుడు ఆతని పదసంపద వేరొక తీరున ఫలించెను. ఆ శాస్త్రమునకు అప్పటికి తగిన మాటలు లేవు. ఫ్రాంక్లిను కొత్తశబ్దములను పుట్టింపక, వాడుకమాటలకే కొత్తపని చెప్పెను. లెక్కలలోని ధనఋణములను విద్యుత్తునకు పెట్టెను. వరుసగ నిలిపిన ఫిరంగులకు సైనికులు వాడు బ్యాటరీ యను పేరును, వరుసగ కలిపిన విద్యుత్పాత్రల కిచ్చెను. 1751 లో ఆతని పరిశోధనలు లండనులో అచ్చుపడెను. 1753 లో రాయల్ సొసైటీవారు పతక మిచ్చిరి. నేడు మన పల్లెలలో ట్రాక్టరు నడపువాడును బ్యాటరీ యను మాట నెరుగును; దాని నీయర్థమున వాడినవాడు ఒక అచ్చుపనివాడని యెరిగినవారు తక్కువ.

1760 లో ఇంగ్లండున నుండి ఆతడు ప్రకటించిన యొక కరపత్రములో వాడుకలో లేని పదములు కొన్ని పడినవని స్కాట్లండు తత్త్వవేత్త హ్యూము ఎత్తిచూపెను. అప్పటికి ఫ్రాంక్లిను జగద్విఖ్యాతుడు. అయినను నొచ్చుకొనలేదు. జనులను ఒప్పించుటకు వ్రాయు వ్రాతలో ఏమాత్రము అస్పష్టతయైనను దోషమే యని యంగీకరించి, ఆ మాటలను విడిచిపెట్టెను. అందులో ఒకటి కాలనైజ్, అనగా వలసరాజ్యముగ చేయుట యను క్రియ. ఆ మాటను నాడు తన వ్రాతనుండి తీసివేసినవాడే, పదునారేండ్ల పిమ్మట ఆ స్థితినే తన దేశమునుండి తీసివేయుటకు చేవ్రాలు చేసెను. తెలిసిన మాటలు రెండు జోడించి కొత్తమాట కల్పించు స్వేచ్ఛ ఇంగ్లీషునకు లేదే యని ఆతడు ఆ సందర్భమున విచారించెను. సమాసము పుట్టినింటి సొమ్మైన సంస్కృతాంధ్రములవారము, ఆ భాగ్యము విలువను ఈ పరదేశీయుని కోరికనుండి తెలిసికొనవలసియున్నది.

1765 లో ఇంగ్లండువారు అమెరికాపై స్టాంపుపన్ను విధించిరి. మరుసటియేడు ఫిబ్రవరిలో కామన్సుసభవారు ఫ్రాంక్లినును పిలిపించి 174 ప్రశ్నలు వేసిరి. ప్రతిదానికిని చిన్నమాటలతో సూటిగ ప్రత్యుత్తరము లిచ్చెను. కొలదికాలములోనే ఆ పన్ను రద్దయ్యెను. కాని 1774 జనవరి 29 వ తేదీన ప్రివీకౌన్సిలు ఎదుట, మాసచుసెట్సు గవర్నరు లేఖల విషయమై, వెడరుబర్ను అను ప్రభుత్వన్యాయవాది ఆతనిని సుమారు గంటసేపు నోటికి వచ్చినట్లు దూషించెను. ప్రభువులు నవ్వి చప్పట్లు కొట్టిరి. అరువదియెనిమిదేండ్ల వృద్ధుడు, ఇంగ్లీషు భాషయందలి ప్రతిమాటకును బరువెరిగినవాడు, ఒక్కమాటయైన పలుకక, ముఖకవళిక మార్పక నిలువబడెను. నాడు ధరించిన మఖమలు దుస్తులనే, 1778 ఫిబ్రవరి 6 వ తేదీన ఫ్రాన్సుతో మైత్రీసంధిపై చేవ్రాలు చేయునపుడు మరల ధరించెనని చెప్పుదురు. ఇంగ్లండు సామ్రాజ్యమునకు విధేయుడుగ సభలోనికి బోయినవాడు విరోధిగ వెలుపలికి వచ్చెను.

1776 లో స్వాతంత్ర్యప్రకటనను సిద్ధపరచ నియమితులైన యైదుగురిలో ఆతడొకడు. చిత్తుప్రతి వ్రాసిన జెఫర్సను, కాంగ్రెసుసభవారు తన వాక్యములను కత్తిరించుచుండగా క్రుంగిపోవుచుండెను. ప్రక్కన కూర్చున్న ఫ్రాంక్లిను ఒక టోపీలవర్తకుని కథ చెప్పి యోదార్చెను. తాను టోపీలు చేసి రొక్కమునకు అమ్ముదునని పలకపై వ్రాయింపగోరిన ఆ వర్తకునకు స్నేహితులు ఒక్కొక్కరు వచ్చి ఒక్కొక్కమాట అనవసరమని కొట్టివేయింపగా, తుదకు వాని పేరును టోపీ బొమ్మయు మాత్రమే మిగిలెను. మాటలు కూడబెట్టుటయందు బాల్యమును ధారపోసినవాడు, మాటలు తగ్గించుటయందు వార్ధకమున నేర్పరి యయ్యెను.

అయినను ఈ మహాశయుని జీవితమున నొక మచ్చ కలదు. దానిని దాచుట చరిత్రకారునకు తగదు. స్వాతంత్ర్యమను మాటను ఆతడు బాల్యముననే నేర్చెను, దానికొరకు కలము పట్టెను, సముద్రములు దాటెను. కాని దశాబ్దములకొలది తన యింట నీగ్రోబానిసల నుంచుకొనెను. తన పత్రికలో బానిసల విక్రయప్రకటనలు అచ్చొత్తి సొమ్ము పుచ్చుకొనెను. మాట తెలిసియు దాని యర్థము పూర్తిగ తెలియకుండుట యెట్టిదో ఇంతకన్న నిదర్శనము లేదు. ఆ యర్థము ఆతనికి మెల్లమెల్లగ తెల్లవారెను. 1787 లో పెన్సిల్వేనియాలోని బానిసత్వనిర్మూలనసంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1790 ఫిబ్రవరిలో, బానిసత్వమును తొలగింపుడని కాంగ్రెసునకు పంపిన మహజరుపై చేవ్రాలు చేసెను. దక్షిణరాష్ట్రముల ప్రతినిధి యొకడు దానిని గర్హించి మాటాడగా, ఫ్రాంక్లిను మార్చినెలలో తన కడపటి వ్యంగ్యరచన ప్రకటించెను. క్రైస్తవులను బానిసలుగ పట్టుట న్యాయమేయని ఆల్జియర్సు ప్రభువొకడు వాదించినట్లు కల్పించి, ఆ ప్రతినిధి వాదమునే ఆతని నోట పెట్టెను. నెలదినములైన గడువకముందే, ఏప్రిలు 17 వ తేదీన, ఎనుబదినాలుగవయేట ఫ్రాంక్లిను కాలధర్మము నొందెను. మహజరు ఫలింపలేదు. బానిసత్వము పోవుటకు ఆ దేశము మరి డెబ్బదియైదేండ్లు వేచియుండి, అన్నదమ్ముల రక్తమును ధారపోయవలసివచ్చెను. తన మరణశాసనమున ఆతడు తన బిరుదములలో మొదట వ్రాసికొన్నది ముద్రాపకుడని.

ఈ జీవితమునుండి మన యువకులు గ్రహింపవలసినదేమి? మొదటిది, మంచిరచనను విప్పి, మరల కూర్చి, మూలముతో పోల్చి దిద్దుకొనువానికి మాటలు వాటంతట అవే వచ్చి చేరును. దీనికి మూడవ సంపుట మొక్కటి చాలును, గ్రంథాలయమంతయు నక్కరలేదు. రెండవది, ఫ్రాంక్లిను శ్రమించినది తన తల్లిభాషయందు. తెలుగున ఒక వ్యాసమును చదివి, దాని సారమును నాలుగువాక్యములలో తెలుగుననే వ్రాయలేని బాలునకు ఇంగ్లీషుపదములు వేయి నేర్పినను అవి పునాది లేని గోడయగును. లాటినుపండితునకు రెండింతలు జీతమిచ్చిన ధర్మకర్తలను చూచి నవ్వుకొను తండ్రులు, తమ బిడ్డల బడిలో తెలుగుపంతులు స్థానమేదో యొకమారు విచారింతురుగాక. ఇంగ్లీషు మనకు చంకలోని టోపీ కాదు, ఎండవానలకు పనికివచ్చు గొడుగేయని యొప్పుకొందము. గొడుగు దొరకినదని యిల్లు పడగొట్టుకొనువాడు మాత్రము వివేకి కాడు.

మూడవది కఠినమైనది. మాటను నేర్చుటకు ఫ్రాంక్లినునకు కొన్నియేండ్లు చాలినవి. స్వాతంత్ర్యమను నొక్కమాటకు నిండైన యర్థము తెలియుటకు ఎనుబదియేండ్లు పట్టినవి. స్వరాజ్యము, సమత్వము అను మాటలను మనమును సభలలో ధారాళముగ వాడినవారమే. మన పొలములలో పనిచేయువానికిని, మన వీధి యూడ్చువానికిని ఆ మాటల యర్థ మెంతవరకు చేరినదో లెక్కచూచుకొనుట మన పని.